ఎనభై గిగాబిట్ల కేబులు, ఇరవై మెగాబైట్ల పెన్ డ్రైవు

పెళ్లి ముగిసిన మర్నాడు ఫొటో స్టూడియోలో మొదట జరిగే పని కెమెరా కార్డుల్లో ఉన్నదంతా కంప్యూటర్లోకి ఎక్కించడం. 128 జీబీ కార్డు నిండా వీడియో ఉందనుకుందాం. పాత యూఎస్‌బీ 2.0 కార్డు రీడర్‌లో సెకనుకు సుమారు 35 మెగాబైట్లు కదులుతాయి కనుక ఆ ఒక్క కార్డుకే గంట దాటుతుంది. దాని స్థానంలో యూఎస్‌బీ 3.0 రీడర్ పెడితే అదే పని 24 నిమిషాల్లో అయిపోతుంది. ఆ ఊపులో సెకనుకు పది గిగాబిట్ల రీడర్, నలభై గిగాబిట్ల కేబులు, ఎనభై గిగాబిట్ల పోర్టున్న కొత్త ల్యాప్‌టాప్ వరసగా కొన్నా గడియారంలో మాత్రం ఆ 24 నిమిషాలే కనిపిస్తాయి. స్టూడియోల్లో విరివిగా వాడే యూహెచ్‌ఎస్-1 తరగతి ఎస్‌డీ కార్డు మామూలు రీడర్‌లో సెకనుకు 104 మెగాబైట్లకు మించి ఇవ్వలేదు, ఆచరణలో 90 దగ్గర ఆగిపోతుంది. రెండించుల నీళ్లు పడిన బోరుకు ఆరించుల పైపు బిగించినంత మాత్రాన కాలువలోకి వచ్చే నీరు పెరగదని తెలుగునాట రైతులకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కంప్యూటర్ పోర్టుల విషయంలో మాత్రం పైపు సైజునే నీళ్లుగా లెక్కగట్టి కొనే అలవాటు బలంగా నాటుకుపోయింది.

ఆ పైపు సైజు పెరిగిన తీరు చూస్తే అబ్బురంగానే ఉంటుంది. 1996లో వచ్చిన మొదటి యూఎస్‌బీ గరిష్ఠ వేగం సెకనుకు 12 మెగాబిట్లు, కీబోర్డు, మౌస్ వంటి వాటికైతే ఒకటిన్నర మెగాబిట్లే. 2000లో యూఎస్‌బీ 2.0 దానిని 480 మెగాబిట్లకు, అంటే ఒక్క దెబ్బకు 40 రెట్లకు పెంచింది. 2008లో వచ్చిన 3.0తో 5 గిగాబిట్లు, 2013లో 10, 2017లో 20, థండర్‌బోల్ట్ 3 అనే ఇంటెల్ పోర్టు ప్రమాణం పునాది మీద 2019లో వచ్చిన యూఎస్‌బీ4తో 40, 2022లో దాని రెండో కూర్పుతో 80 గిగాబిట్లు అందుబాటులోకి వచ్చాయి. ఇంటెల్ 2023లో ప్రకటించిన థండర్‌బోల్ట్ 5 అవసరమైతే ఒక దిశలో 120 గిగాబిట్లు పంపి, రెండో దిశకు 40 మిగులుస్తుంది. ఇవన్నీ బిట్లు. కాపీ చేసేటప్పుడు తెర మీద కనిపించేవి బైట్లు. ఎనిమిది బిట్లకు ఒక బైటు చొప్పున భాగించి, సమాచారాన్ని సర్ది పంపడానికి పోయే దారి ఖర్చులు కూడా తీసేస్తే డబ్బా మీది 5 గిగాబిట్లు చేతికి వచ్చేసరికి సెకనుకు 400 మెగాబైట్ల చిల్లరగా తేలతాయి. ఇందులో మోసమేమీ లేదు కానీ, అట్టపెట్టె మీద పెద్దగా కనిపించే అంకెనే అచ్చువేయడంలో ఉన్న వ్యాపార లౌక్యం మాత్రం కాదనలేనిది.

ఈ పరుగును సమర్థించేవారి వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. అవసరం పుట్టాక పోర్టు రాదని, పోర్టు వచ్చాకే అవసరం పుడుతుందని వారంటారు. 12 మెగాబిట్ల రోజుల్లో, ఫ్లాపీలను ఇంకా జేబులో వేసుకు తిరుగుతున్న కాలంలో, 480 మెగాబిట్లు ఎవరికని అడిగి ఉంటే సరైన జవాబు దొరికేది కాదు. తర్వాత పెద్ద పెన్ డ్రైవులు, బయట తగిలించే హార్డ్ డిస్కులు, వెబ్‌క్యామ్‌లు వచ్చి ఆ వేగాన్ని తినేశాయి. ఆ అనుభవాన్నే ముందుకు పొడిగించి 80 గిగాబిట్లు కూడా రేపు చాలవంటున్నారు. అయితే ఈ వాదనలో ఒక మెలిక ఉంది. వేగం రెట్టింపైన ప్రతిసారీ మనిషికి మిగిలే సమయం రెట్టింపు కాదు, సగానికి సగం తగ్గుతూ పోతుంది.

ఒక టెరాబైటు సమాచారాన్ని లెక్కకు తీసుకుందాం. యూఎస్‌బీ 2.0 మీద అది ఎక్కడానికి దాదాపు ఎనిమిది గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అవుతుందన్నమాట. 5 గిగాబిట్ల పోర్టు మీద సెకనుకు 400 మెగాబైట్ల చొప్పున 42 నిమిషాలు. 10 గిగాబిట్ల మీద సుమారు 17 నిమిషాలు. సెకనుకు 3,000 మెగాబైట్లు అందించగల 40 గిగాబిట్ల పోర్టు, ఆ వేగానికి తగిన, కదిలే భాగాలు లేకుండా చిప్పుల్లో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ రెండూ ఉంటే ఐదున్నర నిమిషాలు. దాన్నీ రెట్టింపు చేస్తే మూడు నిమిషాల లోపు. మొదటి మార్పుతో ఏడు గంటలకు పైగా మిగిలింది, రెండోదానితో 25 నిమిషాలు, మూడోదానితో 11 నిమిషాలు, నాలుగోదానితో మూడు నిమిషాలైనా మిగల్లేదు. పైగా చివరి అంకెలు కాగితం మీది లెక్కలే. చవక ఎస్‌ఎస్‌డీలలో మొదటి కొన్ని పదుల జీబీలు మెరుపులా ఎక్కి, లోపలి వేగవంతమైన నిల్వ భాగం నిండగానే మిగతాది మామూలు హార్డ్ డిస్కు నడకకు దిగిపోతుంది. పోర్టు ఎంత వెడల్పుగా ఉన్నా ఆ తర్వాత చేసేదేమీ లేదు. హైదరాబాద్‌లో సినిమా పోస్ట్ ప్రొడక్షన్ చేసేవారికి, రోజూ టెరాబైట్ల కొద్దీ వచ్చే షూటింగ్ ఫుటేజీని రెండు మూడు ప్రతులుగా భద్రపరచాల్సినవారికి, ఆ 11 నిమిషాలు కూడా రోజుకు ఇన్నిసార్లు చొప్పున నిజమైన డబ్బే. ఏడాదికి ఒకసారి ఫోన్‌లోని ఫొటోలను బయట డిస్కులో దాచుకునే కుటుంబానికి అవి టీ తాగే విరామం కూడా కాదు.

ఆ కుటుంబం చేతిలో ఉండేది సాధారణంగా పెన్ డ్రైవు. దాని అట్ట మీద యూఎస్‌బీ 3.2 జెన్ 1 అని ఉంటుంది. 3.2 అన్న అంకె చూసి అది 3.0 కన్నా కొత్తదని, వేగవంతమైనదని ఎవరైనా అనుకుంటారు. నిజానికి 2008లో 3.0గా పుట్టిన 5 గిగాబిట్ల వేగానికే 2013లో 3.1 జెన్ 1 అని, ఆ తర్వాత 3.2 జెన్ 1 అని పేర్లు మారాయి. మనిషి అదే, చొక్కా మూడోది. అందులోని ఫ్లాష్ చిప్పు చవకదైతే రాసే వేగం సెకనుకు 20 మెగాబైట్లకు అటూ ఇటూ ఉంటుంది, పాత యూఎస్‌బీ 2.0 మోయగలిగినదానికన్నా అది తక్కువే. అంటే ఆ డ్రైవుకు 3.0కు గుర్తుగా ఉండే నీలం రంగు పోర్టు అవసరమే లేదు. తొమ్మిది పిన్నుల ప్లగ్గు, అట్ట మీది పేరు కొత్తవే, లోపలి సరుకు మాత్రం పాతికేళ్ల నాటి పోర్టుకే సరిపోయేది. చదివే వేగాన్ని పెద్ద అక్షరాల్లో వేసి, రాసే వేగాన్ని అసలు వేయకుండా వదిలేసే తయారీదారులను పోర్టు ప్రమాణాలు ఏమీ అనవు. ఆ ప్రమాణం దారి గురించే మాట్లాడుతుంది, దారి చివర ఉన్న గోదాము గురించి కాదు.

ఫైళ్ల సంగతి ఇలా ఉంటే, తెరల దగ్గరికి వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. వేగవంతమైన పోర్టు మామూలు మనిషికి నిజంగా పనికొచ్చే చోటు ఇదే. 4కె మానిటర్‌లో అడ్డంగా 3,840, నిలువుగా 2,160 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు 24 బిట్ల రంగు, సెకనుకు 60 సార్లు చొప్పున గుణిస్తే, మధ్యలో వచ్చే ఖాళీలను పక్కన పెట్టినా, దాదాపు 12 గిగాబిట్లు తేలుతుంది. ఫైలైతే నెమ్మదిగా వచ్చినా చివరకు చేరుతుంది, తెర మీది బొమ్మకు ఆ వెసులుబాటు లేదు. సెకనులో అరవయ్యో వంతులో రావాల్సిందే, లేకపోతే రానట్టే. టైప్-సి పోర్టులో ఉన్న 24 పిన్నులలో వేగంగా సమాచారం మోసే జతలు నాలుగే. మానిటర్‌కు బొమ్మ పంపాలన్నా, ఒక పోర్టును పలు పోర్టులుగా విడదీసే హబ్బుకు తగిలించిన హార్డ్ డిస్కుకు ఫైళ్లు పంపాలన్నా ఆ నాలుగే పంచుకోవాలి.

ఆన్‌లైన్‌లో కొన్న చవక టైప్-సి హబ్బుకు 4కె మానిటర్ తగిలించి, ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు మౌస్‌ను తెరకు ఈ చివర నుంచి ఆ చివరకు జరిపారనుకోండి. బాణం గుర్తు జారదు, గెంతుతుంది. విండోను పట్టుకుని లాగితే వెనక చారలు పడినట్టు ఉంటుంది. సాయంత్రానికి కళ్లు లాగుతాయి, నింద మానిటర్ మీద పడుతుంది. జరిగింది వేరు. ఆ హబ్బు రెండు జతలను యూఎస్‌బీ పోర్టులకు కేటాయించి, మిగిలిన రెండింటినే తెరకు ఇచ్చింది. తెరకు బొమ్మను మోసే ప్రమాణమైన డిస్‌ప్లేపోర్ట్ పాత తరం వేగంతో ఆ రెండు జతలూ మోయగలిగింది ఎనిమిదిన్నర గిగాబిట్లకు కాస్త పైన, కావలసింది 12. అందుకని కంప్యూటర్ నోరెత్తకుండా సెకనుకు 60 బొమ్మలను 30కి దించేసింది. నాలుగు జతలనూ తెరకే ఇచ్చే హబ్బు కొంటే బొమ్మ సాఫీగా సాగుతుంది కానీ, దాని యూఎస్‌బీ పోర్టులు 2.0 వేగానికి పడిపోతాయి. ఈ బేరం తప్పాలంటే కొత్త తరం డిస్‌ప్లేపోర్ట్ వేగమైనా, 40 గిగాబిట్ల దారైనా ఉండాలి. థండర్‌బోల్ట్ 4 గుర్తు ఉన్న ల్యాప్‌టాప్ రెండు 4కె తెరలను నడిపి తీరాలన్నది ఆ ప్రమాణంలోని కనీస నియమం. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఒక్క తీగ గుచ్చగానే రెండు తెరలు వెలిగి, నెట్ వచ్చి, ల్యాప్‌టాప్ చార్జ్ కావడం వెనక ఉన్నది ఇలాంటి దారులే. అక్కడ వేగం ఆడంబరం కాదు.

అదే తెర గోడ మీది టీవీ అయితే మళ్లీ కథ వేరు. హెచ్‌డీఎంఐ 2.0 కేబుల్ 2013 నుంచే 18 గిగాబిట్లు మోస్తూ 4కె బొమ్మను సెకనుకు 60 చొప్పున చూపిస్తోంది. 2017లో వచ్చిన 2.1 దానిని 48 గిగాబిట్లకు, 2025లో వచ్చిన 2.2 ఏకంగా 96 గిగాబిట్లకు పెంచాయి. కొత్త గేమింగ్ కన్సోల్ ఉన్న ఇంట్లో సెకనుకు 120 బొమ్మల కోసం 2.1 పనికొస్తుంది. మిగతా ఇళ్లలో టీవీకి సెట్‌టాప్ బాక్సు నుంచి వచ్చేది హెచ్‌డీ ప్రసారం, సినిమాలు వచ్చేది టీవీలోని యాప్ ద్వారా. ఓటీటీలో 4కె సినిమా కుదించిన రూపంలో సెకనుకు 15 నుంచి 25 మెగాబిట్లుగా వైఫైలో వచ్చి టీవీ లోపలే విచ్చుకుంటుంది, హెచ్‌డీఎంఐ తీగను అది తాకనైనా తాకదు. 8కె కేబుల్ అని రాసిన బంగారు పూత ప్లగ్గును ఆ టీవీ వెనక గుచ్చడం వల్ల లాభం అమ్మినవారికే.

ల్యాన్ తీగల్లో ఇది మరీ విడ్డూరంగా ఉంటుంది. గేమింగ్ కోసమని ఆన్‌లైన్‌లో అమ్మే క్యాట్ 8 తీగ అసలు డేటా సెంటర్లలో పక్కపక్క సర్వర్లను 30 మీటర్ల లోపు 40 గిగాబిట్ల వరకు కలపడానికి రూపొందింది. ఇంటికి వచ్చే బ్రాడ్‌బ్యాండ్ 100 మెగాబిట్లో, 300 మెగాబిట్లో ఉంటుంది. వంద మీటర్ల దాకా గిగాబిట్ మోసే క్యాట్ 5ఈ తీగకే అది చాలా తేలిక బరువు.

ప్రతి కొత్త వేగానికీ తీగ దగ్గర చెల్లించాల్సిన మూల్యం ఒకటుంది, దాన్ని అట్ట మీద రాయరు. అది పొడవు. మధ్యలో బలం పెంచే చిప్పులు లేని మామూలు కేబుల్‌తో 40 గిగాబిట్లు మోయాలంటే పొడవు 80 సెంటీమీటర్ల దగ్గరే ఆపాలి, లేకపోతే రెండో చివరకు చేరేసరికి సంకేతం నీరసించిపోతుంది. అంతకన్నా పొడవు కావాలంటే రెండు చివర్లలోనూ చిప్పులు పెట్టిన ఖరీదైన కేబుల్ కొనాలి. 2022లో ఆపిల్ తెచ్చిన మూడు మీటర్ల థండర్‌బోల్ట్ 4 కేబుల్ ధర అమెరికాలో 159 డాలర్లు. పూర్తి వేగానికి తయారైన టైప్-సి తీగ లోపల కవచం చుట్టిన సన్నని తీగలు చాలా ఉంటాయి కనుక అది లావుగా, బిరుసుగా ఉండి సులువుగా వంగదు. యూఎస్‌బీ 2.0 తీగకు లోపల నాలుగైదు తీగలు చాలు. మంచం పక్కన ప్లగ్ పాయింట్ నుంచి తలగడ దాకా రావాల్సిన చార్జింగ్ తీగకు కావలసినది రెండు మీటర్ల పొడవు, మెత్తదనం, కరెంటు మోసే సత్తా. 240 వాట్లు మోస్తూ సమాచారాన్ని మాత్రం 480 మెగాబిట్ల దగ్గరే ఆపే కేబుళ్లు అందుకే ఉన్నాయి, అవి దగా సరుకు కావు. 2023లో టైప్-సికి మారిన ఐఫోన్ 15 మామూలు మోడల్ వేగం 2000 నాటి 480 మెగాబిట్లేనని తెలిసినప్పుడు విమర్శలు బాగానే వచ్చాయి. ప్రో మోడల్‌కు 10 గిగాబిట్ల పోర్టు ఇచ్చి, డబ్బాలో మాత్రం దానికీ 2.0 తీగనే పెట్టారు. పోర్టు వేగంగా ఉండి తీగ నెమ్మదిగా ఉండటం కొనేవారికి చిరాకే. కానీ బయటి డిస్కులోకి నేరుగా భారీ వీడియోలు తీసేవారికి తప్ప, ఫోన్ తీగను చార్జింగుకే వాడేవారికి ఆ తేడా ఏనాడూ ఎదురుపడదు.

వేగానికి మరో చిన్న మూల్యం ఇంకా వింతగా ఉంటుంది. యూఎస్‌బీ 3.0 పోర్టు, దానికి తగిలించిన హార్డ్ డిస్కు పనిచేస్తున్నప్పుడు 2.4 గిగాహెర్ట్జ్ పరిధిలో రేడియో రొద వెలువడుతుందని 2012లో ఇంటెల్ స్వయంగా ఒక పత్రంలో వివరించింది. వైర్‌లెస్ మౌస్‌కు వాడే చిన్న రిసీవర్ పనిచేసేది కూడా సరిగ్గా ఆ పరిధిలోనే. బ్యాకప్ నడుస్తుండగా మౌస్ మొరాయిస్తే బ్యాటరీ మార్చే ముందు రిసీవర్‌ను ల్యాప్‌టాప్‌కు అవతలి పక్కన గుచ్చి చూడటం మంచిది.

తీగల విషయంలో కొనేవారికి నిజంగా జరిగిన మేలును వెతికితే వేగానికి దక్కే వాటా అనుకున్నంత ఉండదు. యూఎస్‌బీ రూపకర్తల్లో ఒకరైన, భారత్‌లో పుట్టిన ఇంటెల్ ఇంజనీరు అజయ్ భట్, ప్లగ్గును ఎటు తిప్పినా గుచ్చుకునేలా మొదట్లోనే చేసి ఉంటే తీగలు, సర్క్యూట్లు రెట్టింపై ధర పెరిగేదని, అందుకే ఆ పని చేయలేదని తర్వాత వివరించారు. 2014లో టైప్-సి ఆ తిప్పలు తప్పించింది. ఐరోపా సమాఖ్య 2022లో చట్టం చేసి, 2024 డిసెంబర్ 28 నుంచి అక్కడ అమ్మే కొత్త ఫోన్లకు టైప్-సి తప్పనిసరి చేసింది. భారత ప్రమాణాల సంస్థ కూడా 2023లో టైప్-సికి ప్రమాణం ప్రకటించింది. ఐరోపా చట్టం పట్టించుకున్నది చార్జింగునే, సమాచార వేగం ఇంత ఉండాలని అది ఎక్కడా అడగలేదు. ప్రజలు గోల పెట్టింది ఇంటికి ఆరు రకాల చార్జర్లు పోగవుతున్నాయనే కానీ, గిగాబిట్లు తక్కువయ్యాయని కాదు కదా.

అయితే ఆకారం ఒక్కటి కావడంతో కొత్త చిక్కు మొదలైంది. ఒకప్పుడు ప్లగ్గు చూస్తే అది ఏం చేయగలదో తెలిసేది, వెడల్పాటి నీలం ప్లగ్గు వేగమైనదని పిల్లలకు కూడా తెలుసు. ఇప్పుడు 480 మెగాబిట్ల తీగ, 80 గిగాబిట్ల తీగ ఒకే కవల ముఖంతో సొరుగులో పడి ఉంటాయి. యూఎస్‌బీ4 అన్న పేరు కూడా పూర్తి హామీ కాదు, ఆ పేరుకు కనీస అర్హత 20 గిగాబిట్లే, 40 అయినా 80 అయినా తయారీదారు ఇష్టం. 2015, 2016లలో గూగుల్ ఇంజనీరు బెన్సన్ లెయుంగ్ ఆన్‌లైన్‌లో అమ్మే టైప్-సి తీగలను ఒక్కొక్కటిగా కొని పరీక్షించినప్పుడు, 56 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఉండాల్సిన చోట 10 కిలో ఓమ్‌లది పెట్టిన తీగలు, ఒక చివర పాత వెడల్పాటి ప్లగ్గు ఉన్నవి, చాలా బయటపడ్డాయి. అలాంటి తీగ చార్జర్ ఇవ్వగలిగిన దానికన్నా ఎక్కువ కరెంటు లాగమని ఫోన్‌కు చెబుతుంది. లోపల తీగలే తప్పుగా కలిపిన ఒక కేబుల్ ఆయన ల్యాప్‌టాప్‌నే కాల్చేసింది. 2016 మార్చిలో అమెజాన్ ప్రమాణాలకు లోబడని టైప్-సి తీగల అమ్మకాన్ని నిషేధించింది. ఆ తీగల వేగం గురించి ఎవరూ మాట్లాడలేదు, మాట్లాడాల్సిన అవసరమూ లేకపోయింది.

యూఎస్‌బీ ప్రమాణాలను నిర్ణయించే కంపెనీల కూటమికి ఈ గందరగోళం తెలియనిది కాదు. 2022లో అది సూపర్‌స్పీడ్ వంటి పాత వ్యాపార పేర్లను పక్కన పెట్టి, ధ్రువీకరణ పొందిన తీగల మీద 40 జీబీపీఎస్, 240 డబ్ల్యూ అన్నట్టుగా వేగం, వాట్లు రెండే అంకెలు ముద్రించే గుర్తులు తెచ్చింది. పాతికేళ్లలో ఈ రంగం తీసుకున్న నిర్ణయాల్లో కొనేవారికి 120 గిగాబిట్లకన్నా ఎక్కువ ఉపయోగపడేది ఇదేననడం అతిశయోక్తి కాదు. అయితే ఆ గుర్తు వాడాలంటే తీగను పరీక్షకు పంపి ధ్రువీకరణ తీసుకోవాలి, తీసుకోకుండా అమ్మితే ఆపేవారు లేరు. మొబైల్ యాక్సెసరీల కొట్టులో కొక్కేలకు వేలాడుతున్న వందల తీగలను ఒక్కొక్కటిగా తిప్పి చూస్తే ప్లగ్గు మీద కంపెనీ పేరు ఉంటుంది, కొన్నింటి మీద 65 డబ్ల్యూ అనో 100 డబ్ల్యూ అనో ఉంటుంది, ఎన్ని బిట్లు మోస్తుందో చెప్పే అంకె కోసం మాత్రం చాలాసేపు వెతకాలి. అమ్మే కుర్రాణ్ని అడిగితే ఫాస్ట్ చార్జింగ్ అంటాడు. డేటా వెళ్తుందా అంటే వెళ్తుందంటాడు. అది అబద్ధం కూడా కాదు, 480 మెగాబిట్లలోనూ డేటా వెళ్తుంది. అంతకన్నా నిక్కచ్చిగా తెలుసుకోవాలంటే తీగను ఇంటికి తెచ్చి, పెద్ద ఫైలొకటి వేగమైన డిస్కులోకి కాపీ చేసి, సెకనుకు 40 మెగాబైట్లు దాటుతుందో లేదో చూడాలి. దాటితే ఆ తీగకు చిన్న కాగితం పట్టీ అంటించి డేటా అని రాసి విడిగా పెట్టుకోవాలి, దాటకపోతే దాన్ని మంచం పక్కన చార్జింగుకు వదిలేయాలి.